తాడుకు కొత్త మేకు

ఈ ఉదయం ఎనిమిదిన్నరకు స్టోరు గది తలుపు తీసినప్పుడు గోడ మీద పాత మేకు ఖాళీగా ఉంది. పరంధామయ్యగారి తాడు దానికి రెండు జానల కింద, కొత్తగా కొట్టిన ఇంకో మేకుకు వేలాడుతోంది. కింద రాలిన సున్నం ఇంకా ఎవరూ ఊడవలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు చెప్పవలసిన నమస్కారాలు ఉన్నాయి.

అధ్యక్షత వహిస్తున్న మన మేనేజరు శ్రీకుమార్ గారికి, ముందు వరసలో కూర్చున్న పరంధామయ్యగారి ఇల్లాలు మంగళమ్మగారికి, జెయింట్ వీల్ నడిపే సుబ్బన్ అన్నకు, టికెట్ కౌంటరు లూర్దుమేరి అక్కకు, కుర్చీలు చాలక వెనక నిలబడి ఉన్న మిత్రులందరికీ, ఇవాళ మన దగ్గర సెలవు తీసుకుంటున్న పరంధామయ్యగారికి నమస్కారం. నా పేరు పరిమళ. తప్పిపోయిన పిల్లల గురించి మైకులో చెప్పేది నేనే. నా గొంతు మీ అందరికీ తెలుసు. మొహం కొందరు ఇప్పుడే చూస్తున్నారు. (నవ్వులు.)

నన్ను తెలుగులో మాట్లాడమన్నారు, మంగళమ్మగారు వచ్చారు కాబట్టి. తెలుగు రానివాళ్ళకు కాళిముత్తు అన్న తర్వాత తమిళంలో చెబుతానన్నారు గానీ, ఆయన ఇప్పుడు గేటు దగ్గర ఉన్నారు. పది గంటలకు గేటు తెరవాలి, బయట అప్పుడే నాలుగు బస్సుల జనం దిగారు. పరంధామయ్య సార్, మీరు అటు చూడకండి. ఈ ఒక్కరోజు మీ కుర్చీ ఇటు తిరిగి ఉండాలని మంగళమ్మగారే వేయించారు. (నవ్వులు.)

కంపెనీ రిజిస్టరు ప్రకారం పరంధామయ్యగారికి ఇవాళ్టితో అరవై నిండాయి. శుక్రవారం కాణుం పొంగల్. పొంగల్ మూడో రోజున ఈ ఊళ్ళో ఇంటిపట్టున ఎవరూ ఉండరని, అన్నం క్యారియర్లు కట్టుకుని, చాపలు చంకన పెట్టుకుని, ముసలివాళ్ళతో చంటిపిల్లలతో సహా సగం ఊరు సముద్రం ఒడ్డుకు, మిగతా సగం మన పార్కుకు వస్తుందని మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆయన పుట్టిన తేదీ రాయించినవాళ్ళు ఇంకో వారం ఆగి ఉంటే మనకు ఈ చిక్కు లేకపోయేది.

చిక్కు ఏమిటంటే, శుక్రవారం జనాన్ని వరసలో నిలబెట్టే ఆ తాడు ఎవరు పట్టుకోవాలి? మేనేజరుగారు కిందటి వారం పరంధామయ్యగారినే అడిగారు. ఆయన నా పేరు చెప్పారు. 'ఎందుకయ్యా ఆ అమ్మాయి, గొంతే పైకి రాదు కదా' అని మేనేజరుగారు అంటే, 'అందుకే' అన్నారట. నేను ఆలోచించి చెబుతానన్నాను. ఇవాళ ఈ సభ అయ్యేలోగా చెప్పాలి. ఉన్న మాట చెబుతున్నాను, ఆలోచించడం నిన్న రాత్రే అయిపోయింది. 'నా వల్ల కాదు, క్షమించండి' అని రెండు వాక్యాల ఉత్తరం రాసుకున్నాను. అది ఈ కాగితాల మధ్యలోనే ఉంది. పొరపాటున చదివితే అది ప్రసంగంలో భాగం కాదని గుర్తించగలరు. (నవ్వులు.)

ఈ ఉద్యోగానికి నేను వచ్చిందే, గదిలో కూర్చుని చేసే పని కాబట్టి. మా తొండియార్‌పేటలో బస్సెక్కడానికి కూడా నేను జనం తగ్గేదాకా ఆగేదాన్ని. అక్కడ జనం తగ్గరు. అందుకని మొదటి నెలంతా నడిచి సగం దూరం వచ్చి, ఇంకో బస్సు ఎక్కేదాన్ని. సంచిలో ఒక పుస్తకం, గదికి గడియ, మాట్లాడితే మనుషులు కనబడకుండా మైకు. ఇంతకంటే మంచి ఉద్యోగం ఉంటుందని నేను అనుకోలేదు.

పరంధామయ్యగారు మైకు ముట్టుకోగా నేను చూడలేదు. ఇరవై ఏళ్ళు మా పేటలోనే ఒక సినిమా హాలు గేటు దగ్గర నిలబడిన మనిషి. పార్కు తెరిచినప్పుడు ఇక్కడికి వచ్చారు. వస్తూ తాడు తెచ్చుకున్నారు. మేనేజరుగారికి మొదట్లో తాడంటే నచ్చలేదు. ఆయన కోరి చేయించిన ఇనుప కమ్మీలు మీకు గుర్తుండే ఉంటాయి. మొదటి ఆదివారమే జనం కమ్మీలతో సహా జెయింట్ వీల్ దాకా నడిచి వచ్చారు. (నవ్వులు. మేనేజరుగారు కూడా.) అప్పుడు పరంధామయ్యగారు అన్న మాట సుబ్బన్ అన్న నాకు చెప్పారు. 'కమ్మీ చూస్తే తొయ్యబుద్ధి అవతాది సార్. తాడు చూస్తే పట్టుకోబుద్ధి అవతాది.'

ఆయన క్యూలో ఎవరికీ నిమిషాలు చెప్పరు. స్పీకర్లలో పాటలు వస్తూ ఉంటాయి కాబట్టి, పాటలు చెబుతారు. 'ఇంక నాలుగు పాటలమ్మా.' 'ఇంక ఒకటిన్నర పాటయ్యా, ఆ చరణం అయిందంటే నువ్వే.' అరగంట అని చెబితే కొట్లాటకు వచ్చే మనిషి, ఆరు పాటలు అంటే ఊరుకుంటాడు. ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆయన ప్రతి కుటుంబంలోనూ ముసలమ్మను వెతికి ముందు నిలబెడతారు. 'అవ్వ ముందరుంటే వెనకాల మనవడు తొయ్యడు. తోస్తే ఇంటికి పొయ్యినాక ఉండాది వాడికి.' మంగళమ్మగారు ఇందాక నాతో అన్నారు, ఇంట్లో నీళ్ళగది ముందు కూడా పొద్దున్నే ఇదే వరస అని. ఇంకో మాట కూడా అన్నారు. చెప్పనా అమ్మా? 'ఆరేళ్ళుగా ఈడ పని. ఒక్కసారి నన్ను ఆ చక్రం ఎక్కించలా. ఎప్పుడడిగినా ఈపొద్దు జనం ఎక్కవ అంటాడు.' (నవ్వులు.)

సుబ్బన్ అన్న ఇంకెన్ని పాటలు అని వేళ్ళు చూపిస్తున్నారు. మూడు పాటలు, అన్నా.

కిందటి ఏడు కాణుం పొంగల్ సంగతి చెప్పకుండా నేను కూర్చుంటే మీరు ఊరుకోరు. అది నా నోటితో ఎప్పుడూ చెప్పలేదు. నేను చేరి అప్పటికి రెండు వారాలు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఎవరో ఒక పాపను తెచ్చి నా గదిలో దింపారు. నాలుగేళ్ళుంటాయి. పేరు అడిగితే జనని అంది. అమ్మ పేరు అడిగితే అమ్మ అంది. ఎక్కడ ఉంటారు అంటే ఇంట్లో అంది. పరంధామయ్యగారు నాకు ముందే చెప్పి ఉన్నారు. 'పిల్లోళ్ళని పేరూ ఊరూ అడగబాక అమ్మాయ్. తినేదానికి ఏం తెచ్చుకున్నారని అడుగు. అది మాత్రం ఏ బిడ్డా మర్చిపోదు. అది చెప్తే తల్లి పరిగెత్తుకోని వస్తాది.' అడిగాను. 'పచ్చ అన్నం' అంది. పసుపు రంగుది, అంటే పులిహోర అనుకున్నాను.

నాకు రాసుకోకుండా మాట్లాడటం రాదు. పాప గౌను రంగు, జడలు, వయసు, అన్నీ కలిపి ఎనిమిది వాక్యాలు రాశాను. మా కాన్వెంటులో సిస్టర్ ఒకరు, రాసింది మళ్ళీ చదివి, లేకపోయినా అర్థమయ్యే ప్రతి మాటనూ తీసెయ్యమనేవారు. నేను ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాను. చివరికి మిగిలింది ఇది: 'చింతపండు పులిహోర తెచ్చుకున్న కుటుంబం వెంటనే అనౌన్స్‌మెంటు గది దగ్గరికి రావలెను.' తమిళంలో చదివాను, తెలుగులో చదివాను, ఇంగ్లీషులో చదివాను. పాప సంగతి అందులో లేదని మూడు భాషల్లోనూ నాకు తెలియలేదు. (నవ్వులు, చాలాసేపు.)

ఆ రోజున చింతపండు పులిహోర తెచ్చుకోని కుటుంబాలు పార్కులో ఎన్నని. అందరూ వచ్చారు. సగం మంది బహుమతి ఇస్తున్నారనుకున్నారు, సగం మంది పులిహోర మీద ఏదో ఫిర్యాదు వచ్చిందనుకున్నారు. 'ఏం పాపా, ప్రైజు ఫస్టుకేనా, సెకండుకి కూడానా?' అని ఒకాయన. ఒక అవ్వ క్యారియరు మూత తీసి కిటికీలోంచి నా ముక్కు కింద పెట్టి, 'వాసన చూడు. తెల్లారుజామున కలిపింది. ఒక్క చుక్క నీళ్ళు తగల్లా. చెడిపొయ్యిందని ఎవరు చెప్పింది, పిలువు వాణ్ణి' అంది. నేను కిటికీ మూసి, తలుపు గడియ పెట్టి, పాపతో సహా బల్ల కింద కూర్చున్నాను. పాప ఏమీ భయపడలేదు. నా బిస్కెట్లు తింటోంది. గది చెక్కది. అది కదిలింది. కొంచెమే, కానీ కదిలింది.

అప్పుడు తాడు వచ్చింది. తలుపు సందులోంచి చూశాను. ఆయన అరవలేదు, విజిల్ వెయ్యలేదు. ఆ అవ్వ దగ్గరికి వెళ్ళి, 'ఈ కొస నువ్వు పట్టుకోమ్మా, ఇంకెవరు పట్టుకున్నా నిలబడదు' అన్నారు. పక్కాయనతో 'అమ్మకి చెయ్యి నొస్తాది, నువ్వూ ఒక చెయ్యి వెయ్యయ్యా' అన్నారు. అలా పది మంది. పదో మనిషితో మాత్రం, 'బిడ్డొకటి తప్పిపొయ్యింది, అందుకోసరం. వెనకాలోళ్ళకి నువ్వు చెప్పు' అన్నారు. అంతే. రెండు పాటల్లో నా గది నుంచి పడవల చెరువు దాకా పులిహోర క్యారియర్లు వరసగా నిలబడ్డాయి. మన పార్కులో అంత పొడుగు క్యూ ఎప్పుడూ లేదు. దాని చివర ఎక్కడానికి ఏమీ లేదు కూడా. (నవ్వులు.)

జననిని స్టూలు మీద కూర్చోబెట్టారు. ఒక్కొక్కరూ వచ్చి మూత తీయడం, పాప చూసి తల అడ్డంగా ఊపడం. నచ్చినచోట ఒక ముద్ద తిని మరీ ఊపింది. పంతొమ్మిది క్యారియర్లు అయ్యాయి. ఒక్కటీ వాళ్ళది కాదు. ఎందుకంటే వాళ్ళ నాయనమ్మ మునియక్క, తిరువొత్తియూరు ఆవిడ, తెచ్చింది చింతపండు పులిహోర కానే కాదు, నిమ్మకాయ అన్నం.

(విరామం.)

క్షమించండి. ఒక్క క్షణం. నేను ఇలా ముందుకు వచ్చి చదువుతాను, ఇక్కడ వెలుతురు బాగుంది.

మునియక్క చెరువు గట్టున నీడలో కూర్చుని మూడు భాషల్లోనూ నా ప్రకటన వింది. 'మాది నిమ్మకాయ అన్నం కదా, మనల్ని కాదులే అనుకున్నా' అని తర్వాత చెప్పింది. పాప వెనకాల చాప మీద దుప్పటి కప్పుకుని నిద్రపోతోందనుకుంది. క్యూలో ఆఖరి మనిషి సరిగ్గా ఆమె పక్కనే నిలబడ్డాడు. వెనక్కి చెప్పమన్నారు, చెప్పడానికి వెనక ఎవరూ లేరు. అందుకని ఆమెతో చెప్పాడు. 'అవ్వా, ఎవరో బిడ్డ తప్పిపొయ్యిందంట.' 'అయ్యో పాపం, ఏ తల్లి కన్న బిడ్డో' అని ఆమె పక్కకు తిరిగి దుప్పటి సర్దబోయింది. దుప్పటి కింద చెప్పుల సంచి ఉంది. (నవ్వులు. వెనక వరసల్లో కాస్త ఆలస్యంగా.)

లూర్దుమేరి అక్కా, మీరు వెనక్కి తిరిగి చెబుతున్నది నాకు వినిపిస్తోంది. చెప్పుల సంచికి మునియక్క ముద్దు పెట్టిందని నేను అనలేదు. (నవ్వులు. మళ్ళీ వెనక నవ్వులు.)

ఆ సాయంత్రం రాజీనామా రాసి పరంధామయ్యగారికి చూపించాను. మేనేజరుగారికి చూపించే ధైర్యం లేక. ఆయన నిలబడే మొత్తం చదివి, 'ఇందులో ఏం తీసెయ్యలేదే అమ్మాయ్' అన్నారు. తర్వాత తాడు చుట్టుకుంటూ, నన్ను చూడకుండా చెప్పారు. 'మైకులో చెప్తే జనం పైకి చూస్తారు. పక్కనోణ్ణి చూడరు. పక్కనోణ్ణి చూడనోడే తోసేది. నువ్వు గట్టిగా మాట్లాడబాక. పది మందికి నిదానంగా చెప్పు. మిగతాది వాళ్ళే చూసుకుంటారు.' ఆ రాజీనామా నేను మళ్ళీ సంచిలో పెట్టుకున్నాను. ఏడాదిగా పుస్తకంలో పేజీ గుర్తుగా పెట్టుకుంటున్నాను.

ఆయన నన్ను ఎప్పుడూ మెచ్చుకోలేదు. ఆ మాట మర్యాద కోసం దాచడం బాగుండదు. ఎప్పుడైనా మధ్యాహ్నం గది కిటికీ మీద తట్టి, 'తిన్నావా' అని అడిగి వెళ్ళిపోయేవారు. జనం ఎక్కువున్న రోజున రెండుసార్లు అడిగేవారు. మా ఇంట్లో నేను తక్కువ మాట్లాడతానని అందరూ బాధపడతారు. ఆ బాధ లేకుండా నాతో మాట్లాడిన మనిషి ఆయన. రేపటి నుంచి కిటికీ మీద ఎవరూ తట్టరు. ఇది రాసేటప్పుడు తీసేద్దామనుకున్నాను. తీయలేదు.

ఇప్పుడు మేకు సంగతి. సార్ ఆరడుగుల మనిషి. పాత మేకు నాకు అందదు. ఈ ఉదయం చెయ్యి చాచి చూశాను, కొత్తది అందింది, మునివేళ్ళ మీద లేవనక్కర్లేకుండా. ఎవరు కొట్టారని నేను అడగను. సార్ మళ్ళీ గేటు వైపు చూస్తున్నారు, అడిగినా వినరు.

శ్రీకుమార్ గారూ, ఉత్తరం మీకు ఇవ్వడం లేదు. శుక్రవారం ఎనిమిది గంటలకు తాడుతో గేటు దగ్గర ఉంటాను. భయం తగ్గిందని చెప్పను. పది మందికి చెబుతాను. పదకొండో మనిషి ఏమంటాడో మనం చూద్దాం.

పరంధామయ్యగారికి మనందరి తరఫున శాలువా, గోడగడియారం ఇస్తున్నాం. పాటల లెక్కలో బతికే మనిషికి గడియారం ఎవరి ఆలోచనో నాకు తెలియదు. (నవ్వులు. వెనక కూడా.) సభ అయ్యాక ఆయన, మంగళమ్మగారు జెయింట్ వీల్ ఎక్కాలి. గేటు ఇంకా తెరవలేదు, ఈపొద్దు జనం ఎక్కువ అనడానికి వీల్లేదు. సుబ్బన్ అన్న ఒక పాట మొత్తం అయ్యేదాకా దింపరు.

నన్ను నిలబెట్టిన మేనేజరుగారికి, నవ్విన మీకు, తాడు కిందికి దింపిన మనిషికి కృతజ్ఞతలు. సెలవు.

ఇందాక మునియక్క నిమ్మకాయ అన్నం దగ్గర కరెంటు పోయింది. అప్పటి నుంచి ఈ మైకు పనిచెయ్యడం లేదు.