మద్దిలేటమ్మ మందు, సుంకన్న పేరు

పసువుల సుంకన్న అంటే సుట్టూ ఏడూర్లల్లో తెలీనోల్లు లేరు. ఆ సుంకన్న నేనే. నవ్వొద్దండి, ఒగప్పుడు అట్లనే ఉండె. ఎవురి ఎనుము మేత ముట్టకపోయినా, ఎవురి ఎద్దు కుంటినా నా కోసమే వచ్చేటోల్లు. నేను తలగుడ్డ సుట్టుకోని, మందు పోసే వెదురు గొట్టం సంకలో పెట్టుకోని పెద్ద డాక్టరు మాదిరి పోతాంటి. మందు నూరిచ్చేది మాత్రం మా ఇంటామె మద్దిలేటమ్మ. ఆ ముక్క నేను యాడా చెప్పలా. ఎవురూ అడగలా, నేను చెప్పలా, అంతే అనుకో.

అట్లుండంగా ఏమైందంటే, మా పక్కింటి హనుమంతు కూతురు నాగవేణి పసువుల కాలేజీలో చేరె. డాక్టరు చదువు గాదు, డాక్టరు పక్కనుండి సూదులేసేది, కట్లు కట్టేది, ఆ చదువు. సెలవులకొస్తా జోస్ఫిన్ అనే పిల్లను ఎంట తెచ్చె. ఇద్దరిదీ ఒగే హాస్టలంట. "నువ్వేం సదవతాండావు పాపా?" అంటి. "మహిళా అధ్యయనం తాతా" అనె. నాకర్థం గాలా. "ఆడోల్లు ఏం పని చేస్తారు, దానికి పేరు ఎవురికొస్తాది, అదంతా సదవతాము" అనె. నేను పడీపడీ నవ్వితి. "దానికి కాలేజీ ఏంటికి? నలభై ఏండ్లుగా మా ఇంట్లో ఒగామెను సదవతాండా, ఇంగా మొదటి పేజీ దాటలా" అంటి. ఆ పిల్ల ఆ మాట గూడా రాసుకునె. సారూ, నువ్వూ రాసుకుంటాండావా? రాసుకో, నా మానం ఎట్లా పోయిందే గదా.

ఇద్దరూ నాటుమందులు రాసుకునేదానికి వచ్చినారంట. నేను మంచం మీద కాలు మీద కాలేసుకోని మొదలుపెడితి. "కడుపు ఉబ్బితే వాము, ఇంగువ, నూనె" అంటి. "ఎంత నూనె తాతా?" అనె నాగవేణి. "మే, ఎంత?" అని లోపలికి కేకేస్తి. "సోలెడు" అనె మా ఆమె. "కడుపుతో ఉండే సూడిదైతే?" అనె నాగవేణి. "మే, సూడిదైతే?" అని మల్లా కేక. నాలుగోతూరి కేకేసినాక జోస్ఫిన్ పుస్తకం మూసి, "తాతా, నువ్వు ఈడనే కూర్చో" అని లోపలికి పోయె. నాగవేణీ పోయె. నేను, మంచం మిగిల్తిమి. లోపల ఏమైందంటే, జోస్ఫిన్ "అవ్వా, మందు నీది, పేరు తాతది, నీకేమీ అనిపియ్యలేదా?" అని అడిగిందంట. మా ఆమె రోలు కడగతా, "పేరు యాడ నూరాలమ్మా, ఏ ఆకులో కలపాల?" అనిందంట. నవ్విందంట గానీ, కడిగిన రోలునే మల్లా కడిగిందంట.

మూడో రోజు మిట్టమద్దేనం మా ఎనుమే ఈనేదానికి వచ్చె. దూడ ముందరికాళ్లు రెండూ కనబడతాండాయి, తల రాలా. నేను నలుగురు మొగోల్లను పిలిచి, తాడు తెచ్చి, "కట్టి లాగండిరా" అంటి. మా ఆమె అడ్డమొచ్చె. "లాగొద్దు, తల ఎనక్కు తిరిగింది" అనె. "నాకు తెలీదా? నువ్వు పక్కకు పో" అని అందరి ముందరా కసురుకుంటి. ఎనుము కండ్లు తేలేస్తాంది. అంతలోకి నాగవేణి ఉరికొచ్చె. డాక్టరుకు ఫోను చేస్తే ఆయన యాడో దూరాన ఉండాడంట. మా ఆమె మాట ఆయనకు చెప్పె. "అవ్వ చెప్పిందే నిజం. లాగితే తల్లీ పోతాది, బిడ్డా పోతాది" అనినాడంట. తాడు నా చేతిలోనే ఉండిపాయె.

నాగవేణి మోచేతి దాంకా సబ్బుతో కడుక్కోని, నూనె పూసుకోని చెయ్యి పెట్టె. ఫోన్లో డాక్టరు చెప్తాండె, పక్కన మా ఆమె ఎనుము కడుపు మీద చెయ్యేసి, "ఇప్పుడు ఆగు, నొప్పొస్తాంది... ఆఁ, తగ్గె, ఇప్పుడు లోపలికి తొయ్యి" అంటాండె. ఆ పిల్ల దూడను ఎనక్కు తోసి తల తిప్పె. చెమటలు కారిపోతాండాయి దానికి. నేనేం చేస్తాంటినా? తోక పట్టుకోమంటే తోక పట్టుకోని ఉంటి. నలభై ఏండ్ల వైద్యునికి ఆ పొద్దు దొరికిన పని అది. దూడ పడె గానీ ఊపిరి లేదు. మా ఆమె జిగురు తుడిచి, ముక్కులో గడ్డిపోచ పెట్టి తిప్పితే, తుమ్మె సూడు! పెయ్యదూడ. నాకు ఏడుపొచ్చె. తోక ఇడిస్తే గదా కండ్లు తుడుసుకునేది.

తరవాత జోస్ఫిన్ కాలేజోల్లు మందుల గురించి చెప్పమని మా ఆమెను పిలిపిచ్చినారు. నేనూ సంచి మోసుకోని పోయి ఎనక బెంచీలో కూర్చుంటి. మేడమ్ "మీ ఆయన ఏం చేస్తాడమ్మా?" అని అడిగె. మా ఆమె నా పక్క సూసి, "మందు ఒలకకుండా పోస్తాడు మేడమ్, చెయ్యి మంచిది" అనె. అందరూ చప్పట్లు కొట్టిరి. నలభై ఏండ్లల్లో నిజంగా నాదైన మెప్పు అదొకటే.

వచ్చేటప్పుడు జోస్ఫిన్ "తాతా, మందుల పుస్తకంలో నీ పేరూ రాస్తాము, ఏమని రాయాల?" అనె. శానాసేపు ఆలోచన చేసి, "కతలు చెప్పేటోడు అని రాయి" అంటి. రాసె. అదిగో, మా ఆమె చీపురు ఆడేసి వస్తాంది, ఈ కతలో నేనేమేం తప్పులు చెప్పినానో చెప్పేదానికి. లేయండి సారూ, లేయండి.