మూసేశారని రాసిన హోటల్

ఈ ఊళ్ళో ఎక్కడ దిగాలో, ఎక్కడ తినాలో చెప్పే పుస్తకం రాసినాయన, సముద్రానికెదురుగా ఉన్న పెద్ద హోటల్లో భోజనం ముగిస్తున్నాడు. వెనకవీధిలో చిన్న హోటల్ నడిపే ఆమె, చేతులకంటిన పిండైనా కడుక్కోకుండా వచ్చి ఆయనెదుట నిలబడింది.

“మా హోటల్ మూసేశారని రాశారేంటి సార్?”

“నేనొచ్చినప్పుడు తాళం వేసుందమ్మా.”

“ఆ రెండ్రోజులూ మా ఆయన ఆసుపత్రిలో ఉన్నాడు సార్. పుస్తకం వచ్చాక ఒక్కరూ మా గడప తొక్కలేదు. దిద్దండి, మీ కాళ్ళు పట్టుకుంటాను.”

“అచ్చైపోయిందమ్మా. మళ్ళీ వేసేది రెండేళ్ళకే.”

“అందాకా మేముంటామా? ఇప్పుడే రండి సార్. చేపలు వేగుతున్నాయి.”

“కడుపు నిండిపోయిందమ్మా.”

“తినకపోయినా సరే. వీధివైపు బల్ల దగ్గర కాసేపు కూర్చోండి. లోపల మనిషున్నాడని పోయేవాళ్ళకి కనబడితే చాలు.”

ఆయన చేయి తుడుచుకుని, ఆమె వెంట నడిచాడు.