ఫ్యాను మోత లేని ల్యాప్‌టాప్

నేనొచ్చినానని తలుపు తట్టొద్దంటుంటే వినవేంది కోటమ్మక్కా! ఇట్ల రా, ఈ అరుగు మీద కూర్చో. లోపల బ్లెస్సీ కెమెరా ముందు కూర్చోనుంది. ఇంకో మనిషి నీడ కనపడినా పరీక్ష రద్దు చేస్తారంట. నువ్వే గదా నాకు చెప్పినావు?

నీళ్ళొద్దు. మార్కాపురం నుంచి బండి మీద ఎట్ల వచ్చినానో నాకే తెలీదు. దుకాణం షట్టర్ కూడా వేయలా. బిడ్డ ఫోన్ ఆపేసింది, నువ్వేమో ఎత్తవు.

ఎంతసేపైంది మొదలై? గంటా? ఇంకా నలభై నిమిషాలా? దేవా!

చెప్తా, చెప్తా. పోయిన నెల నా కాడికి ల్యాప్‌టాప్ తెచ్చినారు గదా, ఫ్యాను మోత మోగుతుంది, ఒళ్ళో పెట్టుకుంటే కాలుతుందని. నేనేం చేసినానంటే, ప్రాసెసర్‌కు పోయే వోల్టేజి తగ్గించినా. ప్రాసెసరంటే ఏందా? లోపల లెక్కలన్నీ చేసేది అదే అక్కా. దానికి పోయే కరెంటు కంపెనీవాళ్ళు కొంచెం ఎక్కువే పెట్టి పంపుతారు. సెట్టింగుల్లో తగ్గిస్తే వేడి తగ్గుతుంది, ఫ్యాను తిరిగే పని పడదు, బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది. తప్పు పనేం కాదు, కొంచెం తగ్గిస్తే.

నేను మరీ తగ్గించినా.

ఏమవుతుందా? పాటలు వింటే, టైపు కొడితే ఏం కాదు. బరువు పని పడిందనుకో, కెమెరా, మైకు, పరీక్ష అన్నీ ఒక్కసారే నడిచినాయనుకో, ఆ వోల్టేజి చాలదు. ఎప్పుడో చెప్పలేం గానీ టపీమని ఆగిపోతుంది. పొద్దున బట్టల కొట్టు వీరాంజనేయులు శెట్టిది నా కళ్ళ ముందే ఆగింది. దానికీ ఇంతే తగ్గించినా. వీడియో కాల్ ఎత్తినాడు, మూడు నిమిషాలకు తెర నీలంగా అయ్యి పోయింది. బిడ్డ పరీక్ష ఈరోజేనని అప్పుడు గుర్తొచ్చింది.

మధ్యలో ఆగితే మళ్ళీ రానివ్వరు గదా? ఈ ఉద్యోగం కోసం రెండేళ్ళు కూర్చోని చదివింది. నువ్వు మిరప కోతలకు పోయి చదివించినావు.

ష్... కుర్చీ జరిగింది. ఏం లేదు, ఏం లేదు. సర్దుకోని కూర్చున్నట్టుంది.

ఏందీ? కొత్త ఫ్యాను వేసినాక ఇదంతా ఎందుకు చేసినావంటావా? అదేనక్కా. అదే చెప్పలేక చస్తన్నా. కొత్త ఫ్యాను రాలా. ఒంగోలులో అడిగితే రేపు మాపు అన్నారు. మీరు రోజూ వచ్చి దుకాణం ముందు కూర్చుంటిరి. పాతదే తుడిచి, చుక్క నూనె వేసి బిగించినా. అది తిరిగితే మోత మోగి దొరికిపోతా గదా? అందుకని అసలు తిరగకుండానే చేసినా.

అంతటితో పోయినా బాగుండు. ఆదివారం నువ్వు దాన్ని చర్చికి తెచ్చి బల్ల మీద పెట్టించినావు. అయ్యగారు చెయ్యి పెట్టి ప్రార్థన చేసినాడు. ఎంత చల్లగా ఉందో అని ఆడోళ్ళంతా తాకి తాకి స్తోత్రం చెప్పినారు. శ్యాంసన్, లేచి సాక్ష్యం చెప్పు నాయనా అన్నారు. చెప్పినా! కొత్త ఫ్యాను వేసినా, దేవుడు నా చేతులతో పని చేయించినాడని మైకులో చెప్పినా. మా నాయన ముందు వరుసలో కూర్చోని కళ్ళు తుడుచుకున్నాడు. ఇంక మీ ఇంటికొచ్చి మళ్ళీ విప్పుతానని ఏ నోటితో అడిగేది?

తిట్టు అక్కా. ఎంతైనా తిట్టు.

అక్కా... బిడ్డ తలుపు గడియ తీస్తాంది. టైమెంతైంది? ఇంకా అరగంట ఉంది గదా? అరగంట ఉంది!

నేనేం పారిపోను, ఇక్కడే ఉండా. బిడ్డ ఏడుస్తా వస్తే, ఏం నొక్కినావే అని మాత్రం అడగొద్దు. అది ఏం నొక్కలా. శ్యాంసన్ మామ చేసిన పనని చెప్పు. నాకు నోరు రాదు అక్కా, నువ్వే చెప్పు.