తుమ్ముకి విరిగిన పక్కటెముక

ఆ కాగితం మాది కాదండీ డాక్టరమ్మా! ఇంకెవరిదో తెచ్చి మా ఆయన ఫైల్లో పెట్టుంటారు. రామచంద్రమూర్తి అనే పేరు గుంటూరు మొత్తానికీ ఈయనొక్కడికే ఉందా ఏంటి? ఇంటిపేరు కూడా మాదేనా? వయసు అరవై ఎనిమిదా? ఉండండి, కళ్లజోడు పెట్టుకోనివ్వండి.

ఆ పీటీహెచ్ హార్మోను ఏదో ఆర్నెల్ల క్రితం నాలుగొందలేగా. ఇప్పుడు పదకొండొందలా? ఇదేమన్నా మిర్చి రేటా అమ్మా, అలా ఎగబాకడానికి!

వేళాకోళం కాదమ్మా. భయమేస్తే నాకు నోరు ఆగదు. బళ్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పింది ఆయనే గానీ, ఇంట్లో మాట్లాడింది మాత్రం నేనే.

అయినా తుమ్ముకి పక్కటెముక విరగడం ఏంటండీ? నల్లపాడులో మా ఇంటి వెనకే మిరపకాయల కోల్డ్ స్టోరేజీ. టిక్కీలు, అదే మిరప బస్తాలు, దింపుతుంటే వీధి వీధంతా తుమ్ముతుంది. పాతికేళ్లుగా తుమ్ముతున్నాం, ఎవరికీ ఏమీ విరగలేదు. మొన్న సోమవారం ఈయన తుమ్మారు, టక్కుమని చప్పుడైంది. నేను ముందు కుర్చీ కాళ్లు చూశాను.

ఆఁ, మీరు చెప్పింది అర్థమైంది. కిడ్నీలు చేతులెత్తేస్తే తిన్నదాంట్లో భాస్వరం బయటికి పోదు. ఈయనకి చేసే డయాలసిస్ కూడా దాన్ని మొత్తం లాగలేదు. రక్తంలో కాల్షియం తగ్గుతుంది. అప్పుడు మెడలో ఉన్న పెసరగింజంత గ్రంథులు నాలుగూ కంగారుపడి, ఆ హార్మోను వదిలి, ఎముకల్లోంచి కాల్షియం తోడేస్తాయి. అంతేగా? ఆపాటి గింజలకి ఎంత పెత్తనమండీ! మా ఆడపడుచే నయం.

భాస్వరాన్ని పట్టుకోడానికి బిళ్లలిచ్చారు, అవును. పూటకొకటి, రోజుకి మూడు. ఒక్కటి కూడా మానలేదు, మా అమ్మ మీద ఒట్టు. నా చేత్తో నేనే ఇచ్చాను.

ఎప్పుడా? ఎప్పుడంటే... పొద్దున.

మూడూనండీ. పరగడుపున. పూజయ్యాక, తీర్థంతో పాటు.

అలా చూడకండమ్మా. మందుల డబ్బా మా దేవుడి గూట్లో ఉంటుంది. అన్నం తింటూ, ఎంగిలి చేత్తో దాన్ని ఎవరైనా ముట్టుకుంటారా? మా ఇంట్లో గరిటె కూడా ముట్టుకోం. అన్నం మధ్యలో వేసుకోమని మీరు చెప్పారు, నిజమే. ఆయన ఇంటికొచ్చి అదే మాట చెప్పారు. "మందు మందే, ఎప్పుడు వేసుకుంటే ఏంటి" అన్నాను. రెండోసారి చెప్పారు. నేనో చూపు చూశాను. మూడోసారి చెప్పలేదు.

కడుపులో అన్నమే లేకపోతే బిళ్ల దేన్ని పట్టుకుంటుంది అంటారా? అదీ నిజమే. ఆర్నెల్లూ అది ఊరికే వెళ్లి ఊరికే వచ్చిందన్నమాట.

ఇందాక ఆ కాగితం మాది కాదన్నాను చూశారూ, అబద్ధం. మాదేనని తెలుసు. ఆటోలో వస్తుంటే ఈయన ప్రతి గతుక్కీ డొక్క పట్టుకుని, "డాక్టరుగారు అడిగితే నేనే మర్చిపోతున్నానని చెప్పు కోటేశ్వరీ, లేకపోతే నిన్ను కోప్పడతారు" అన్నారు. విరగ్గొట్టింది నేను, తిట్లు తినేది ఆయనానండీ? నాకు సిగ్గేసింది.

నేనే చేశానని రాసుకోండమ్మా. ఇవాళ్టినుంచి రెండు ముద్దలు తిన్నాక నేనే ఆయన నోట్లో బిళ్ల వేస్తాను. ఎంగిలైతే కానివ్వండి, చెయ్యి కడుక్కుంటాను, మహా అయితే మళ్లీ స్నానం చేస్తాను. ఆ ఎముక అతుక్కుంటుందా? ముందు అది చెప్పండి.

సరే, పిలవండి. మెల్లగా పిలవండి, బయట బెంచీ మీద తుమ్ము ఆపుకుంటూ కూర్చున్నారు. లోపలికొచ్చి తనే మర్చిపోయానంటారు. మీరు మాత్రం నమ్మకండి.