ఇంకో నీటి తోరణం

జపాన్ దక్షిణాన చిన్న దీవి. కొత్త విమాన కంపెనీ మొదటి విమానం, ఫైరింజన్లు రెండు పక్కల నుంచీ తోరణంలా చిమ్మిన నీళ్ల కింద నుంచి వచ్చి, తిరిగి వెళ్లింది. రన్‌వే పక్కన ఫైరింజన్ డ్రైవరూ, పాత కంపెనీ కౌంటర్ అమ్మాయీ నిలబడ్డారు.

"మా పొట్ట కొట్టేవాళ్లకి నీటి తోరణం పట్టి మరీ స్వాగతమా, బాబాయ్?"

"మొదటి విమానానికి పట్టాలిగా! సగం ధరకి టికెట్టంటే మీ ఆయనే ముందెక్కాడు."

"ఎక్కాడులే. చలికాలంలోనూ వస్తారా వీళ్లు?"

"సముద్రం చూడ్డానికి జనం రాకపోతే వాళ్లెందుకొస్తారు?"

"అప్పుడు మా అత్తని సముద్రం అవతల కగోషిమా ఊళ్లో పెద్దాసుపత్రికి తీసుకెళ్లేది మా బుల్లి విమానమే!"

"అమ్మాయ్... మీ మేనేజరు ఇందాకే వచ్చాడు. నెలాఖరుకి ఇంకో తోరణం కావాలట."

"మాకా? మాకు కొత్త విమానమేదీ రావట్లేదే!"

"ఆఖరిసారి ఎగిరేదానికీ పడతాం కదమ్మా."