ఎడమవైపు కమాన్ కట్ట

పుంగనూరు షెడ్డులో పాత అంబాసిడర్ కింద దూరి, కుదుపులు ఆపే ఇనప పట్టీల కమాన్ కట్టలను చూసి మెకానిక్ బయటికి వచ్చాడు. కారు యజమాని గంగులప్ప చూపు వెనక సీటు మీదే ఉంది.

“ఎనక ఎడమపక్క కమాన్ కట్ట మాత్రమే తుప్పు తినేసుండాదప్పా. యాల?”

“ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు మా ఇంటామె ఆ కిటికీలోనుంచే వాంతి చేసుకుంటా ఉండె. రెండేండ్లు ఆ పక్కే నీళ్లు పోసి కడిగితి.”

“ఆ కుదుపులకు అమ్మకు ఒళ్లు హూనమై ఉంటాదే!”

“కమాన్లు మార్పించమని అడగతానే ఉండె. వచ్చే నెల సూద్దామంటి.”

“కొత్తవి ఏసినాక కూర్చోబెట్టుకోని పో. గుంతలో పడినా అమ్మకు తెలీదు.”

“ఆమె పోయి పదైదు దినాలాయప్పా.”

మెకానిక్ చేతిలోని స్పానర్ కింద పెట్టేశాడు.

“పాతవి ఇప్పుడే ఇప్పొద్దు,” అన్నాడు గంగులప్ప. “మా ఊరు పెద్దపంజాణి దాకా నువ్వు తోలు. నేను ఎనక ఆ పక్కన కూర్చుంటా.”

“యాలప్పా?”

“నేనెప్పుడూ స్టీరింగు కాడే ఉంటి. ఆమెకు ఎంత నొచ్చిందో నాకు తెలీల్యా.”