చుక్క పెట్టిన ప్రశ్న

గది కట్టారు, డయాలసిస్ మిషన్లు తెచ్చి పెట్టారు, వాటిని నడిపే మనిషిని మాత్రం పెట్టలేదు. తలుపుకు తాళం వేసి, తాళంచెవి హైదరాబాదుకు పంపారు. మెదక్‌లో బస్తీ చివరి చిన్న సర్కారు దవాఖానాలో జరిగిన తప్పు అదే.

ఆ తాళం దెబ్బకు సువర్ణ నడిపే చాయ్ హోటలు అమ్మకానికి వచ్చింది. ఆమె భర్త పరమేశ్‌కు రెండు కిడ్నీలూ పోయాయి. రోజు విడిచి రోజు హోటలు మూసి, బస్సులో ఆయన్ని హైదరాబాదు తీసుకుపోయి, రక్తం కడిగించి తెచ్చుకోవాలి. మూసిన హోటలుకు గిరాకీ ఎక్కడుంటుంది? ఇదంతా ఎందుకు, హైదరాబాదులోనే ఓ గది కిరాయికి తీసుకుందామనుకుంది. బస్టాండు ముందర జాగా కాబట్టి ఎల్దుర్తి బక్కయ్య ఆ హోటలు తీసుకుంటానన్నాడు. "ఇయ్యాల ఏదో ఒకటి చెప్పు సువర్ణమ్మా, లేకుంటే తూప్రాన్ల ఇంకో జాగ చూసుకుంట" అని సాయంత్రమే వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

సువర్ణ ఇంకా మాట ఇవ్వలేదు. ఎందుకంటే అదే మధ్యాహ్నం ఎమ్మెల్యే కృష్ణమోహన్ అసెంబ్లీలో ఆ తాళం గురించే అడిగాడు. వీడియో ముక్క అప్పుడే ఊరంతా ఫోన్లలో తిరుగుతోంది. అందులో సారు లేచి నిలబడడం ఉంది, వెనక డప్పుల పాట ఉంది. ఆ హోరులో ప్రశ్నే సరిగ్గా వినబడదు, ఇక జవాబు సంగతి చెప్పనక్కర్లేదు. గది తెరుస్తామని మంత్రి అంటే ఆమె ఇక్కడే ఉంటుంది. తెరిచేది లేదంటే పోతుంది.

అక్కడికి పోయి చెవులారా విన్న మనిషి ఊళ్లో ఒక్కడే, పాపన్నపేట రూటులో షేర్ ఆటో నడిపే నర్సింహ. సారు పీఏ ఇచ్చిన పాసుతో గ్యాలరీలో కూర్చొని వచ్చాడు. పొద్దు గూకుతుండగా బస్సు దిగి, ఇస్త్రీ అంగీ సర్దుకుంటూ, పెళ్లికొడుకులాగా నడుస్తూ హోటలు ముందుకొచ్చాడు.

అడగకుండానే సువర్ణ చాయ్ పోసి చేతికిచ్చింది. "మంత్రి ఏమన్నడు, నర్సింహా?"

"ఆగు వదినా, ఆగు. మొదటికెళ్లి చెప్తెనే సమజైతది."

"ఆఁ, షురూ జేసిండు కోతలు," అంది జామకాయల గంప ముందు కూర్చున్న రామమ్మ. అంటూనే గంప ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

"కోతలు గాదే రామమ్మా, కండ్లార చూసిన. పొద్దుగాల సారు బండి ఎనకాల బండిల నేను గూడ ఉన్న. తూప్రాన్ల చాయ్‌కి ఆగినం. సారు నన్ను చూసి, నర్సింహా మంచిగున్నవా అన్నడు."

"గంతేనా?" అన్నాడు బక్కయ్య.

"గంతే అయితే నేనెందుకు చెప్త? భుజం మీద చెయ్యేసి పక్కకు తీస్కపోయిండు. 'ఇయ్యాల ఏం అడగాల్నో నువ్వే చెప్పు, జనం నడుమ తిరిగేటోనివి' అన్నడు. నేను ఊకుంటనా? తాళం సంగతి మొత్తం చెప్పిన. సారు చేతిరుమాలు తీసి కండ్లు తుడుచుకున్నడు. నేను గూడ తుడుచుకున్న."

"అదే రుమాలతోనా?" అన్నాడు పరమేశ్. ఆయనకు చాయ్ అర కప్పే. నీళ్లు ఎక్కువ పడగూడదని డాక్టరు మాట. ఆ అర కప్పునే గంట సేపు తాగుతాడు.

"నవ్వకు అన్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అసెంబ్లీల మన సారుది మామూలు ప్రశ్న గాదు. చుక్క పెట్టిన ప్రశ్న. ప్రశ్న పక్కన చుక్క గుర్తు ఉన్నదనుకో, మంత్రి కాయితం పంపి తప్పించుకోనీకి లేదు. లేసి నిలబడి నోటితోని చెప్పాలె. మన సారు అట్ల లేసిండో లేదో, మంత్రికి పట్టపగలు చుక్కలు కనవడ్డయ్! ఒక్కటి గాదు, ఆకాశంల ఎన్నున్నయో గన్ని. నేను గూడ పైకి చూసిన. సప్తర్షులు సక్కగ లైన్ల నిలబడి ఉన్నరు."

"ఇంటి కప్పు లేదార అక్కడ?" అంది రామమ్మ.

"ఉన్నదే. కప్పుల నుంచే కనవడ్డయ్. గంత పవరు."

సువర్ణ పాల గిన్నె కింద మంట తగ్గించింది. "సరే, మంత్రి ఏమన్నడు?"

"వస్తున్న వదినా, గక్కడికే వస్తున్న. సారు ఏమడిగిండంటే, 'మిషన్లు కొననీకి ఖజానాల పైసలున్నయి, నడిపే మనిషికి జీతమియ్యనీకి లేవా? రోగం మెదక్‌ల ఉంటే తాళంచెవి పట్నంల ఎందుకున్నది?' అన్నడు. గంతే, మైకు కట్ చేసిండ్రు. మైకు ఎవనికి గావాలె? మన సారు గొంతు తెలుసు గద. ఒక్క అరుపు అరిచిండు. మంత్రుల ముందర గిలాసలల్ల నీళ్లు సలసల మరిగినయ్. పక్కనున్నాయన చాయ్‌పత్తి వేసుకున్నడు."

"చక్కెర?" అంది రామమ్మ.

"చక్కెర లేకుండనే తాగిండు, ఆయనకు షుగరున్నది. ఇంక చూడు, ఆ అరుపు కిటికీలల్ల నుంచి బయట పడ్డది. రోడ్డు మీద బస్సులు ఆగినయ్. నాంపల్లి స్టేషన్ల రైలు ఆగింది! డ్రైవరు కిందికి దిగి చెవికి చెయ్యి అడ్డం పెట్టుకొని విన్నడు."

"నాంపల్లిల ఏ రైలైనా ఆగుతది నర్సింహా," అన్నాడు పరమేశ్. "అదే ఆఖరి స్టేషను."

బక్కయ్య నోట్లో చాయ్ ముక్కులోంచి వచ్చింది. రామమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నర్సింహ ఏ మాత్రం తగ్గలేదు.

"బయలెల్లాల్సిన రైలు అన్నా, బయలెల్లాల్సిన రైలు! అది ఆగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ అరుపు గట్లనే మేడ్చల్ దాటింది, తూప్రాన్ దాటింది, మన ఊరికొచ్చింది. దవాఖానాల గదికి తగిలింది. తాళం టప్పుమని రెండు ముక్కలైంది! లోపల మిషన్లు వాటంతట అవే గిర్రున తిరుగుడు షురూ చేసినయ్. ఇప్పుడు గూడ తిరుగుతుండొచ్చు."

అందరూ నవ్వుతున్నారు. సువర్ణ నవ్వలేదు. పొయ్యి ఆర్పింది. చేతులు తుడుచుకుంది. లోపలికి పోయి పరమేశ్ చెప్పులు తెచ్చి ఆయన కాళ్ల ముందు పెట్టింది.

"తాళం పగిలింది గద. నడువు నర్సింహా, నీ ఆటో తియ్యి. రేపు హైదరాబాదు పోవుడు ఎందుకు? మిషన్లు తిరుగుతనే ఉన్నయంటివి. ఇప్పుడే పండబెడ్దాం మీ అన్నను."

నర్సింహ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"ఇప్పుడా వదినా?"

"ఇప్పుడే. లేకుంటే ఒక్క మాట చెప్పు. మంత్రి ఏమన్నడు?"

నర్సింహ గిలాస బెంచీ మీద పెట్టాడు. ఖాళీ గిలాసను మళ్లీ తీసి లోపలికి చూశాడు.

"నేను వినలే వదినా."

"వినలేవా? గ్యాలరీల ఉంటివి గద?"

"ఉన్న. సారు తాళంచెవి మాట అనంగనే నాకు ఆగలే. లేసి చప్పట్లు కొట్టిన. గట్టిగ కొట్టిన. అక్కడ పైన కూసున్నోళ్లు చప్పట్లు కొట్టొద్దంట. నాకేం తెలుసు? మన దిక్కు ఎవరన్న మంచిగ మాట్లాడితే కొట్టమా? ఇద్దరు మార్షల్స్ వచ్చి చెరొక రెక్క పట్టి బయటికి తీస్కపోయిండ్రు. గేటు బయట గంట సేపు కూసున్న. సారుకు మొఖం చూపియ్యలేక బస్సుల వచ్చిన."

రామమ్మ నవ్వబోయి ఊరుకుంది. బక్కయ్యకు మాత్రం సందు దొరికింది.

"అయితే జవాబు లేనట్టే. వాళ్లేం చెప్తరు, చూస్తం చేస్తం అంటరు. మరి నా మాట ఏంజేసినవ్ సువర్ణమ్మా?"

సువర్ణ ఆయన వైపు చూడలేదు. "నర్సింహా, నిన్ను గుంజుకపోయేటప్పుడు సారు కూసున్నడా?"

"లేదు వదినా," అన్నాడు నర్సింహ. ఈసారి చేతులు ఊపలేదు, గొంతు పెంచలేదు. "మెడ తిప్పి చూసిన. కూసో కూసో అని అందరు అంటున్నరు. సారు నిలబడే ఉన్నడు. అరువలేదు. 'తేదీ చెప్పుండ్రి' అంటున్నడు. మళ్లొకసారి అదే మాట, 'తేదీ చెప్పుండ్రి.' తలుపు మూసేదాక గదే వినవడ్డది."

రోడ్డవతల బస్టాండులో కండక్టరు నర్సాపూర్, నర్సాపూర్ అని పిలుస్తున్నాడు. పరమేశ్ తన అర కప్పులో మిగిలిన చుక్క తాగి, సువర్ణ ముఖంలోకి చూశాడు. పోదామని గానీ ఉందామని గానీ ఆయన ఏనాడూ అనలేదు.

సువర్ణ పొయ్యి మళ్లీ ముట్టించింది.

"బక్కయ్యన్నా, హోటలు ఇయ్యను."

"అదేంది? జవాబే రాకపాయె!"

"జవాబు వచ్చేదాక ఆయన కూసోనంటున్నడు. నేను లేవనంటున్న. తూప్రాన్ల జాగ చూసుకో, ఏమనుకోకు. చాయ్ ఇంకొకటి తాగుతవా?"

బక్కయ్య గొణుక్కుంటూనే తాగాడు.

మంత్రి తేదీ చెప్పాడని మరునాడు పేపర్లో వచ్చింది. ఆ తేదీ వచ్చింది, పోయింది, తాళం అలాగే ఉంది. కృష్ణమోహన్ మళ్లీ లేచి అడిగాడు. సువర్ణ హైదరాబాదు నుంచి తిరిగొచ్చిన ప్రతిసారీ పరమేశ్‌ను ఇంటి దగ్గర దింపి, ఎమ్మెల్యే ఆఫీసుకు పోయి, "తేదీ ఎంత సార్?" అని నిలబడేది. కుర్చీ వేసినా కూర్చునేది కాదు. ఎండలు ముదరక ముందే తాళం తీశారు, నడిపే మనిషిని పెట్టారు. గది ముందు చేరిన జనం చప్పట్లు కొడుతుంటే నర్సింహ ఒక్కడే చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డాడు.

"కొట్టరాదుర!" అంది రామమ్మ.

"ఒద్దే, మిషను తిరుగుడు చూడకముందే బయటికి పంపిస్తరు."

ఎల్దుర్తి బక్కయ్య ఆ తర్వాత కూడా వచ్చి హోటలు అడిగాడు. ఆమె చాయ్ పోసింది, హోటలు ఇవ్వలేదు.